పక్కన కోసిన కవర్లు

మిరపకాయల బస్తాను మూతి విప్పి చూసేవాడు యార్డులో బాగుపడడు. మూతి దగ్గర ఎప్పుడూ మంచి కాయే ఉంటుంది. పెళ్ళిలో ముందు వరస కుర్చీల్లో పట్టుచీరలు కూర్చున్నట్టు ఎర్రగా, నిగనిగలాడుతూ పైన కూర్చుంటుంది. తాలుకాయ, అంటే రంగు పోయి తెల్లబడ్డ పనికిరాని కాయ, అడుగున దాక్కుంటుంది. అందుకని మేం మూతి జోలికి పోం. గోతాం పక్కన కత్తితో చిన్న గాటు పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి, గుప్పెడు కాయ బయటికి లాగి చూస్తాం. దాన్ని మచ్చు తీయడం అంటారు. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పూర్తిగా చెడిపోయాక, గుంటూరు యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేరి నేను నేర్చుకున్న చదువు ఇదే. మాస్టారు కూడా హాయిగా ఊపిరి పీల్చుకున్నారని తర్వాత తెలిసింది.

మా అక్క చదువు వేరు. మాది ప్రకాశం జిల్లాలో నల్లరేగడి ఊరు. సగం పత్తి, సగం మిరప. తొంభైల మధ్యలో ఒక ఏడు పత్తికి కాయతొలిచే పురుగు పట్టింది. ఏ మందు కొట్టినా పురుగు చావలేదు. మందు కొట్టి కొట్టి నాన్నే కళ్ళు తిరిగి చేలో పడిపోయాడు. ఎడ్లబండి మీద వేసుకుని పోతుంటే అక్క నాన్న తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాన్న బతికాడు. అక్క మాత్రం ఆ రోజు నుంచి పురుగుల వెంట పడింది. వ్యవసాయ డిగ్రీ చదివింది, ఆ పైన పురుగుల మీదే ఇంకో డిగ్రీ. అగ్గిపెట్టెల్లో, హార్లిక్స్ సీసాల్లో పురుగుల్ని పెంచేది. "ఇంట్లో నాకు లేని మర్యాద వీటికుంది, వీటికి టైముకు మేత పడుద్ది" అనేవాణ్ణి. "నువ్వు కూడా ఆకులు తింటానంటే పెడతాను" అనేది.

అప్పటికి అమ్మ లేదు. ఇంట్లో నాన్న, అక్క, నేను. నేను వారానికోసారి గుంటూరు నుంచి వచ్చేవాణ్ణి. నాన్న కోపమంతా మా ఇద్దరికీ సమానంగా పంచేవాడు. అక్క వాటా అక్క తీసుకునేది, నా వాటాలోదీ కొంత తీసుకునేది.

రెండువేలు దాటిన కొత్తలో అక్క ఒక పరిశోధనా కేంద్రంలో తాత్కాలిక ఉద్యోగం చేస్తోంది. పత్తిచేలల్లో మొక్క మొక్కకీ వంగి పురుగులు లెక్కపెట్టడం పని. ఆ రోజుల్లోనే హాలండులో ఒక ప్రొఫెసరుకు మెయిలు రాసింది. ఆయన ఈ పురుగు మీదే జీవితం గడిపినవాడట. జవాబు ఇచ్చాడు. తన దగ్గర ఒకే ఒక్క స్కాలర్‌షిప్పు ఉందనీ, ఆ పైఏడు తను రిటైరవుతున్నాననీ, కాగితాలన్నీ గడువులోపు చేరితే అక్కను తీసుకోవడానికి తనకు ఇష్టమేననీ రాశాడు. ఇంటర్నెట్ సెంటరులో ఆ మెయిలు అచ్చు తీయించి, ఇంటికి తెచ్చి నాన్నకు తెలుగులో చదివి వినిపించింది.

నాన్న అంతా విని, "ఆ దేశంలో పత్తి పండుద్దా?" అన్నాడు.

"పండదు నాన్నా."

"పత్తి లేని దేశంలో పత్తిపురుగు సంగతి ఏం నేర్చుకుంటావే?"

"పురుగు లేదు గానీ, పురుగు గురించి తెలిసినవాళ్ళు ఉన్నారు నాన్నా."

"ఇక్కడ పురుగుంది, తెలిసినవాళ్ళు లేరు. అంతేనా?"

"అంతే."

"అయితే పో" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. "నాలుగు పురుగుల్ని కూడా పట్టుకుపో అక్కా, తోడుగా ఉంటాయి" అని అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ నవ్వు ఎంత నిజమో అప్పుడు నన్నెవరూ అడగలేదు.

ఇక కాగితాల జాతర మొదలైంది. అక్కకు సెలవు దొరకదు, తిరిగేవాణ్ణి నేను. డిగ్రీ నకళ్ళ మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి. మా మండలంలో అడగ్గానే దొరికే గెజిటెడ్ ఆఫీసరు పశువుల డాక్టరు. నేను వెళ్ళేసరికి ఆయన ఒక గేదె కడుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాడు. "జేబులో పెన్నుంది, తియ్యి" అన్నాడు. ఆకుపచ్చ సిరా పెన్ను తీసి రెండో చేతికిచ్చాను. గేదె వీపు మీద అట్ట వేసి కాగితాలు పట్టుకుంటే వరసగా సంతకాలు పెట్టుకుంటూ పోయాడు. హాలండు వాళ్ళు మా అక్క చదువును నమ్మాల్సింది ఒక చూడిగేదె సాక్షిగా అని ఇంటికొచ్చి చెబితే అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. చదువు చెప్పిన మాస్టర్ల దగ్గర సిఫారసు ఉత్తరాలు తెచ్చాను. నీలం బ్యాక్‌గ్రౌండు ఫొటో తెల్ల బ్యాక్‌గ్రౌండుగా మళ్ళీ తీయించాను. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబులుకు మజ్జిగ ఇచ్చి, మా అక్క పురుగుల్ని తప్ప ఎవరినీ చంపలేదని హామీ ఇచ్చాను.

గడువు దగ్గరపడేసరికి ఆఖరున మిగిలినవి మార్కుల కాగితాలు. యూనివర్సిటీ ఆఫీసు వాళ్ళే అన్ని సంవత్సరాల మార్కులూ ఒకచోట రాసి, కవర్లో పెట్టి, సీలు వేసి ఇవ్వాలి. అలాంటివి మూడు కవర్లు. ప్రొఫెసరుకొకటి, అక్కడి యూనివర్సిటీకొకటి, స్కాలర్‌షిప్పు ఇచ్చేవాళ్ళకొకటి. ఆ ఆఫీసు మా ఊరికి బస్సులో ఒక పూట ప్రయాణం. కొత్త కారం పొట్లాలు కట్టించుకుని వెళ్ళాను. గుంటూరు మనిషి ఏ ఆఫీసుకు వెళ్ళినా కారం లేకుండా వెళితే వాళ్ళకు అనుమానం వస్తుంది. కిటికీ వెనక గుమాస్తా కారం వాసన చూసి తుమ్మి, సంతోషించి, నా ముందే కవర్లు అంటించాడు. మూత మీద సగం, కవరు మీద సగం పడేలా ముద్ర గుద్దాడు. ఆఫీసరుగారు ఆ ముద్ర మీదుగా సంతకం పెట్టారు. పైన టేపు వేశారు. "జాగ్రత్తగా పట్టుకెళ్ళు బాబూ" అన్నాడు గుమాస్తా. అక్క కూడా ముందురోజు అదే అంది, "జాగ్రత్తరా" అని. తెరవొద్దని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. నిప్పులో చెయ్యి పెట్టొద్దని ఎవరైనా ప్రత్యేకంగా చెప్తారా? వాళ్ళకు అది అలాంటి విషయం.

తెల్లారి బస్సు దిగి నేరుగా యార్డుకు వచ్చాను. సాయంత్రం అక్క కొట్టుకొచ్చి కవర్లు తీసుకుని కొరియరులో వేస్తానంది. మధ్యాహ్నం అమ్మకాలు అయిపోయాయి, హమాలీలు బస్తాల నీడన కునుకు తీస్తున్నారు. నేను కవర్లు తీసి చూశాను. చక్కటి మూత, చక్కటి ముద్ర, చక్కటి సంతకం. నా అనుభవంలో మూతి అంత చక్కగా ఉన్న ప్రతి బస్తాలోనూ అడుగున తాలుకాయే ఉంది. లోపల వేరే పిల్ల మార్కులుంటే? ఒక ఏడాది కాగితం పెట్టడం మరిచిపోతే? ఆ గుమాస్తా తుమ్ముతూ తుమ్ముతూ అంటించాడు.

మా కొట్లో కాటా వేసే భాయ్ పక్కనే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. "ఏందిరా అయ్యి, పెళ్ళిచూపుల ఫొటోలా?" అన్నాడు.

"మా అక్క మార్కులు. హాలండు పోతన్నయ్యి."

"లోపల ఏముందో చూశావా?"

"చూళ్ళా."

"చూడకుండా అంత దూరం ఎట్టా పంపుతావురా? రేపు తేడా వస్తే ఎవురు పోయి తెస్తారు?"

భాయ్ చెప్పకపోయినా నేను కోసేవాణ్ణి. మచ్చుకత్తి చేతిలోనే ఉంది. సీలు జోలికి పోలేదు. కవరు పక్క అంచున నూలుపోగు వాసి తేడా లేకుండా కోశాను. కాగితాలు లాగి బస్తా మీద పరిచాను. అన్నీ అక్కవే. అన్ని ఏళ్ళవీ ఉన్నాయి. మా అక్క మార్కులు చూడటం నాకు అదే మొదటిసారి. ప్రతి వరసలోనూ మంచి మార్కులే. నాకు తెలియని పేర్లున్న సబ్జెక్టులు, వాటి ఎదురుగా పెద్ద పెద్ద అంకెలు. భాయ్ వంగి చూసి, "తాలు లేదురా, మొత్తం ఫస్టు రకం" అన్నాడు. నాకు ఛాతీ పొంగింది. ఆ అంకెల మీద వేలు పెట్టి చదివాను. ఎక్కడెక్కడ వేలు పెట్టానో అక్కడల్లా కారం మరక పడింది. ఒకటి చూశాక మిగతా రెండూ చూడకుండా ఉంటామా? మూడూ చూశాను. మళ్ళీ పెట్టి, కోసినచోట టేపు అంటించాను. కొట్లో వాడే టేపు, ఖాకీరంగుది, బలమైనది.

అక్క సాయంత్రం వచ్చింది. యార్డు ఘాటుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దూరం నుంచే "తెచ్చావా?" అంది. కళ్ళు నవ్వుతున్నాయి.

"తేవటమే కాదు, మచ్చు కూడా తీశా. మూడూ సరిగ్గా ఉన్నయ్యి. ఏం మార్కులక్కా నీయి!"

అక్క కవరు అందుకుంది. తిప్పింది. ఖాకీ టేపు చూసింది. కొంగు ముక్కు మీంచి జారిపోయింది, తుమ్ము కూడా రాలేదు.

"మూడూనా?" అంది.

"మూడూ. సీలు ముట్టుకోలా, చూడు. పక్కన కోశా."

అక్క వెళ్ళి ఒక బస్తా మీద కూర్చుంది. నేనింకా మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆ ముఖం చూడటానికి నాకు చాలాసేపు పట్టింది.

"తెరవకపోతేనే వాళ్ళు తీసుకునేదిరా" అంది మెల్లగా. "తెరిచినట్టు కనపడితే అవతల పారేస్తారు."

"చూడకుండా నమ్ముతారా? పిచ్చోళ్ళా?"

"ఎవరూ చూడలేదు కాబట్టే నమ్ముతారు."

భాయ్ బీడీ పారేసి లేచి నిలబడ్డాడు. "నేనే చెప్పానమ్మా కొయ్యమని" అన్నాడు. అతను నా తప్పులో సగం తీసుకోబోయాడు. అది నిజం కాదు, అతను అనకముందే కత్తి నా చేతిలో ఉంది. ఆ మాట నేను చెప్పలేదు.

కాసేపటికి నా తెలివి మళ్ళీ పనిచేసింది. "కొత్త కవర్లు కొందాం అక్కా. ముద్రలు చేసేవాడు నాకు తెలుసు. అచ్చం అట్టాంటిదే చేస్తాడు, తల్లి కూడా గుర్తుపట్టదు" అన్నాను. అక్క నావైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "వద్దురా" అంది, అంతే. "రేపు మళ్ళీ వెళ్ళు. నేను దరఖాస్తు రాసిస్తాను. వాళ్ళకు మెయిలు పెట్టి గడువు అడుగుతాను."

వెళ్ళాను. ఆ సంతకం పెట్టే ఆఫీసరుగారు కూతురి పెళ్ళికి సెలవు మీద ఉన్నారు. ఆయన బదులు ఎవరు పెట్టినా ఆ సంతకం చెల్లదు. కిటికీ దగ్గర నా జోకులన్నీ అయిపోయాయి. గుమాస్తా కూడా పాపం, పెళ్ళింటికి ఫోను చేసి కనుక్కున్నాడు. "ఇస్తానయ్యా, ఆయన రాగానే మొదటి పని నీదే" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. కొత్త కవర్లు నా చేతికి వచ్చేసరికి గడువు దాటిపోయింది. తిరుగు బస్సులో వాటిని ఒళ్ళో పెట్టుకుని, పక్క సీటువాడి పిల్లాడు ముట్టుకోబోతే కసురుకున్నాను. అంత జాగ్రత్త.

ప్రొఫెసరు జవాబు చదవటానికి అక్కతో పాటు నేనూ ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాను. తెర మీద ఇంగ్లీషు. నాకు అక్షరాలు తెలుసు, అర్థం తెలియదు. అక్క చదువుతుంటే ఆమె ముఖం చదువుకున్నాను. స్కాలర్‌షిప్పు కమిటీ గడువు తర్వాత వచ్చినవి చూడదట. తనకు చాలా విచారంగా ఉందట. వచ్చే ఏడాదికి తను రిటైరైపోతాడు గానీ, వేరేచోట ప్రయత్నించమన్నాడట.

"చాలా మర్యాదగా రాశాడురా" అంది అక్క. కుర్చీలోంచి లేచి, తర్వాతివాళ్ళ కోసం కుర్చీ సరిగ్గా జరిపి పెట్టింది.

ఇక్కడ ఒక సంగతి ఉంది. ఆ కుర్చీ జరుగుతున్నప్పుడు నాకు దుఃఖం వచ్చింది, నిజమే. దాని వెనకే ఇంకోటి కూడా వచ్చింది. ఊరెళ్ళాల్సిన మనిషి బస్సు తప్పిపోయి, ఇంటికి తిరిగొచ్చి, చెప్పులు గుమ్మంలో విడిచినప్పటి శబ్దం వింటే ఎలా ఉంటుందో అలా ఉంది. అక్క వెళ్ళదు. ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ కత్తి సంగతి ఆలోచించాను. అలవాటుకొద్దీ కోశానని ప్రమాణం చేసి చెప్పగలను. కానీ మొదటి కవరులో అంతా సరిగ్గా ఉందని చూశాక కూడా రెండోది ఎందుకు కోశాను, మూడోది ఎందుకు కోశాను అని నన్ను నేను అడిగితే, యార్డులో ఎవరితోనూ మాటలో ఓడిపోని నాకు జవాబు తోచదు.

"పురుగులు ఎక్కడికీ పోవులే" అన్నాడు నాన్న అక్కతో. నన్ను ఆ వారమంతా తిట్టలేదు. చెప్పకుండా వేసిన శిక్ష అది.

అక్క వేరేచోట్ల ప్రయత్నించింది. సీటు ఇస్తామన్నవాళ్ళు డబ్బు మీరే పెట్టుకోమన్నారు. అది మా వల్ల కాదు. ఆ పైన పరీక్ష రాసి వ్యవసాయాధికారి అయింది. పెళ్ళయింది, ఒంగోలులో ఇల్లు. ఇప్పుడు చేలల్లో నిలబడి ఏ పురుగుకు ఏ మందు, ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు కొట్టకూడదు చెబుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా మందు కొట్టే రైతు కనబడితే ఎంత పెద్దాయననైనా సరే నడిచేలో దులిపేస్తుంది. రైతులు ఆమె మాట వింటారు. చెడిపోయిన బతుకేం కాదు. ఆ మాట నేనెవరితోనైనా అంటున్నప్పుడల్లా, అది ఆమె కోసం కాదు నా కోసం అంటున్నానని తెలుస్తూనే ఉంటుంది.

నేను చేసిన రెండో పని ఇంకా ఘోరం. కవర్ల సంగతిని జోకు చేశాను. మొదట యార్డులో చెప్పాను, నవ్వారు. పెళ్ళిళ్ళలో చెప్పాను, అన్నం పొలమారేలా నవ్వారు. గేదెతో మొదలుపెట్టి, భాయ్ మాటలు అతని గొంతుతో పలికి, "సీలు ముట్టుకోలా, పక్కన కోశా" దగ్గర ఆపుతాను. బస్తా మీద కూర్చున్న మనిషి సంగతి అందులో ఉండదు. అక్క ఉన్నప్పుడు కూడా చెప్పాను. ఆమె అందరికంటే ఒక్క క్షణం ముందే నవ్వేది.

రెండువేల ఎనిమిదో, తొమ్మిదో. పొన్నూరులో మా చిన్నాన్న కొడుకు గృహప్రవేశం. భోజనాల దగ్గర ఎవరో "ఒరేయ్, కవర్ల కథ చెప్పరా" అన్నారు, చెప్పాను. సాయంత్రం అక్కను ఒంగోలులో దింపటానికి బయలుదేరాను. నేనుండేది గుంటూరు, ఒంగోలు నాకు దారి కాదు. కానీ అక్కకు బండి కావాలంటే నేనెప్పుడూ ఖాళీనే. నేను కారు కొన్నప్పటి నుంచీ అంతే. బావగారు డ్యూటీ అని రాలేదు. కార్లో మేమిద్దరమే.

చీరాల దాటాక అక్క అంది, "ఒరేయ్, ఒకటి అడుగుతా, జోకు వెయ్యకుండా చెప్తావా?"

"జీతం ఏమన్నా ఇస్తావా?"

"అదిగో."

"సరే, అడుగు."

"అప్పుడు నేను వెళ్ళటం నీకు ఇష్టంలేదు కదా?"

ముందు పొగాకు లోడు లారీ పోతోంది. దాన్ని దాటడానికి చోటుంది. దాటలేదు. దాని వెనకే చాలాదూరం పోనిచ్చాను. అక్క తొందరపెట్టలేదు. అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు, ఇంతకంటే మంచి వినేమనిషి నాకు మళ్ళీ దొరకరని తెలుసు.

"నువ్వెళ్తే నాన్న తిట్లు మొత్తం నేనొక్కణ్ణే తినాలిగా" అన్నాను.

అక్క నవ్వింది. "అదీ సంగతి! తిట్లు పంచుకోటానికి మనిషి కావాలని ఆపేశావన్నమాట."

ఈసారి నేను నవ్వలేకపోయాను. అక్క నావైపు తిరిగి చూసి, మళ్ళీ అద్దం వైపు తిరిగింది. "ఆ లారీని దాటరా, దుమ్మంతా మన మీదే పడతంది" అంది.

ఇంటి ముందు ఆపితే, "దిగు, తినిపో" అంది.

"పనుందక్కా."

"ఆదివారం నీకేం పనిరా? యార్డు ఉండదుగా."

లోపలికి వెళ్ళాను. అక్క అప్పటికప్పుడు చారు పెట్టింది, వడియాలు వేయించింది. తింటుంటే ఎదురుగా కూర్చుని, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

"తక్కువైంది" అన్నాను వెంటనే. దానికి మాత్రం నిజం చెప్పడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.